పాపఘ్ని ఒడ్డున రాళ్ళ వరుస చదివిన అనుభవం

భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు చివరి సంవత్సరంలో ప్రతి విద్యార్థీ ఒక ప్రాంతాన్ని స్వయంగా నడిచి, అక్కడి శిలలను కొలిచి, ఒక నివేదిక సమర్పించవలసి ఉంటుంది. నాకు మా సార్ పాత పొరల శిలలు పరుచుకున్న కడప బేసిన్ నైరుతి అంచును కేటాయించారు. గువ్వలచెరువు ఘాటు దగ్గర మొదలుపెట్టి, గండి, వేంపల్లె, పులివెందుల మీదుగా గండికోట వరకు శిలల వరుసను కింది నుంచి పైకి గీయాలి, ఆ వరుసను బట్టి ఆ రాళ్ళు పుట్టిన కాలంలో అక్కడ నదులు ఉండేవా, సముద్రం ఉండేదా, వాతావరణం ఎలా ఉండేదో ఆధారాలతో నిర్ధారించాలి. సుమారు 44,500 చదరపు కిలోమీటర్లలో నెలవంక ఆకారంలో పరుచుకున్న ఈ బేసిన్‌లో నేను చూసినది ఒక చిన్న ముక్క మాత్రమే. అయినా రాళ్ళను చూసి పాత కాలాన్ని నిర్ధారించే పని అసలు ఎలా సాగుతుందో నాకు తెలిసినది ఆ ముక్కలోనే కనుక, ఆ క్రమాన్ని వివరంగా రాస్తున్నాను.

తరగతిలో మేము నేర్చుకున్నది ఒక పట్టిక. కాంగ్లోమరేట్ (గులకలు అతుక్కున్న రాయి) అంటే వేగంగా పారిన నీరు, ఇసుకరాయి అంటే నది లేదా తీరం, షేల్ (సన్నని బురద పొరలుగా గట్టిపడిన రాయి) అంటే నిశ్చలమైన నీరు, సున్నపురాయి అంటే వెచ్చని, లోతులేని సముద్రం. పరీక్షకు ఈ పట్టిక సరిపోతుంది కాని కొండ మీద సరిపోదు. ఇసుకరాయి ఎడారి దిబ్బలోనూ పుడుతుంది, నదిలోనూ పుడుతుంది, సముద్ర తీరంలోనూ పుడుతుంది. షేల్ చెరువు అడుగునా ఏర్పడుతుంది, వందల మీటర్ల లోతున్న సముద్రం అడుగునా ఏర్పడుతుంది. రాయి పేరు కొన్ని అవకాశాలను మన ముందు పెడుతుంది, అంతే. వాటిలో ఏది నిజమో తేల్చేవి ఆ రాతి లోపలి గుర్తులు, దాని కింద ఉన్న రాయి, దాని పైన ఉన్న రాయి. ఈ పని పూర్తయ్యేసరికి నాకు బలపడిన అభిప్రాయం ఇది: ఒంటరి రాయి సాక్ష్యం ఎప్పుడూ బలహీనమే, రాళ్ళ వరుస సాక్ష్యమే బలమైనది.

సామగ్రి పెద్దగా ఏమీ లేదు. సుత్తి, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, పొరల వాలును కొలిచే బ్రంటన్ దిక్సూచి, టేపు, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న చిన్న ప్లాస్టిక్ సీసా, గళ్ళ నోటుపుస్తకం. ఆ ప్రాంతంలో పొరలు సాధారణంగా 10 నుంచి 15 డిగ్రీల వాలుతో కడప వైపుకు, అంటే బేసిన్ లోపలికి దిగుతూ ఉంటాయి. వాలి ఉన్న పొరల మీద అడ్డంగా నడుస్తున్నామంటే కాలంలో ముందుకు నడుస్తున్నామన్నమాట. సమతలమైన నేల మీద 100 మీటర్లు నడిచినప్పుడు పొరల వాలు 12 డిగ్రీలుంటే, మనం దాటిన రాతి అసలు మందం సుమారు 21 మీటర్లు. ఈ లెక్క ప్రతి మజిలీలోనూ వేసుకుని, నోటుపుస్తకంలో నిలువు గీత మీద ఆ మందాన్ని గుర్తించి, పక్కన రాతి రంగు, రేణువుల పరిమాణం, అవి గుండ్రంగా ఉన్నాయా కోసుగా ఉన్నాయా, కింది పొరతో అతుకు క్రమంగా ఉందా ఒక్కసారిగా ఉందా అన్నవి రాయాలి. మొదట్లో ఈ నాలుగో అంశాన్ని ఎందుకు రాయమంటున్నారో నాకు అర్థం కాలేదు. చివరికి నివేదికలో అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడినది అదే.

గువ్వలచెరువు పేరు చెప్పగానే రోడ్డు పక్కన దొరికే పాలకోవా గుర్తుకు వస్తుంది కాని, భూగర్భశాస్త్రవేత్తలకు ఆ ఊరు మరో విధంగా ముఖ్యమైనది. కడప శిలాసమూహంలో అన్నిటికన్నా అడుగున ఉన్న పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. 1872లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున విలియం కింగ్ ఈ ప్రాంతపు శిలలను వర్ణించినప్పటి నుంచి పుస్తకాల్లో అది 'గుల్చేరు' అని స్థిరపడింది. రాయచోటి వైపు నేలంతా గ్రానైటు, గ్నైస్ రాళ్ళే. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. వాటి మీద పొరలు పొరలుగా గుల్చేరు శిలలు కూర్చుని ఉంటాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర మా సార్ చాలాసేపు నిలబెట్టారు. భూమి లోపల కిలోమీటర్ల లోతులో నెమ్మదిగా చల్లారి గట్టిపడిన గ్రానైటు మీద నేరుగా గులకరాళ్ళ పొర ఎలా వస్తుంది? గ్రానైటు పైన ఒకప్పుడున్న రాయంతా అరిగి కొట్టుకుపోయి, గ్రానైటు ఎండకూ వానకూ బయటపడిన తరువాతనే ఆ గులకలు దాని మీద చేరగలవు. అంటే ఆ గీతలో రాయి ఏదీ లేకపోయినా కోట్ల ఏళ్ళ కోత ఉంది. ఇలాంటి విరామాన్ని అన్‌కన్ఫర్మిటీ అంటారు. తిరుమల ఘాటు రోడ్డులో గ్రానైటు మీద క్వార్ట్జైట్ (బాగా గట్టిపడిన ఇసుకరాయి) కూర్చున్న చోటును జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించినది కూడా ఇందుకే. రోజూ వేల మంది భక్తులు దాని పక్కనుంచే కొండ ఎక్కుతుంటారు.

అడుగున ఉన్నది కాంగ్లోమరేట్, అంటే గులకరాళ్ళు ఇసుకలో ఇరుక్కుని అతుక్కుపోయిన రాయి. దాని ముందు కూర్చుని గులకలను ఒక్కొక్కటిగా చూసి వర్గీకరించడం మా మొదటి పని. తెల్లని పలుగురాళ్ళే అధికం. మధ్యమధ్య ఎర్రని జాస్పర్, చెకుముకిరాయి కనిపించాయి. కింద ఉన్నది గ్రానైటే అయినా గ్రానైటు గులకలు నేను చూసిన చోట దాదాపు కనిపించలేదు. దీనికి కారణం గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం. గాలికీ నీటికీ చాలాకాలం బయటపడి ఉంటే అది బంకమట్టిగా మారి కొట్టుకుపోతుంది. దేనికీ లొంగని పలుగురాయి మిగులుతుంది. గులకల అంచులు బాగా అరిగి గుండ్రబడి ఉండడం వల్ల అవి పుట్టిన చోటు నుంచి కొంత దూరం దొర్లి వచ్చాయని తెలుస్తుంది. కొన్ని గులకలు ఒకే వైపుకు ఒరిగి, ఒకదాని మీద ఒకటి వాలినట్టు ఉన్నాయి. ప్రవాహం బల్లపరుపు రాళ్ళను ఎగువ వైపుకు వాలేలా పేరుస్తుంది కాబట్టి, ఆ ఒరుగుదల దిక్కును దిక్సూచితో కొలిచి నీరు ఎటు నుంచి ఎటు పారిందో రాసుకోవచ్చు. పాపఘ్నిలో వరద తగ్గాక ఇసుక మేటల మీద మిగిలిన రాళ్ళలోనూ ఇదే ఒరుగుదల కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం మరచిపోకూడదు. ఈ కాంగ్లోమరేట్ ఏర్పడినప్పుడు భూమి మీద చెట్టు లేదు, గడ్డి లేదు. నేల మీద మొక్కలు వచ్చింది సుమారు 47 కోట్ల ఏళ్ళ క్రితమే. గట్టును పట్టి ఉంచే వేళ్ళు లేనప్పుడు నది ఒక గాడిలో పారదు. వాన పడినప్పుడల్లా నీరు వెడల్పుగా పరుచుకుని, ఇసుకనూ గులకనూ పలుచని పరుపులుగా విడిచి, ఎండగానే మాయమవుతుంది. గుల్చేరు పొరలు తక్కువ మందంతో చాలా దూరం సాగడాన్ని నేను ఈ కోణంలో అర్థం చేసుకున్నాను. ఇప్పటి నదిని చూసి పాత నదిని ఊహించేటప్పుడు, ఇప్పటి నది ఒడ్డున ఉన్న తుమ్మచెట్లను ముందుగా మనసులో తీసేయాలి.

పైకి పోయేకొద్దీ గులకలు తగ్గి, రాయి ఇసుకరాయిగా, ఆ ఇసుకరాయి గట్టిపడిన క్వార్ట్జైట్‌గా మారుతుంది. గండి ఆంజనేయస్వామి క్షేత్రం దగ్గర పాపఘ్ని ఈ గట్టి రాతిని కోసుకుని కొండల మధ్య నుంచి బయటపడుతుంది కాబట్టి, వరుసను చదవడానికి అంతకన్నా అనుకూలమైన చోటు ఆ చుట్టుపక్కల లేదు. గండిని దాటి వేంపల్లె వైపు నడుస్తుంటే రాయి స్వభావం మారడం కాళ్ళ కిందనే తెలుస్తుంది. క్వార్ట్జైట్ మధ్యలో ముందు ఊదారంగు షేల్ పలుచని పొరలుగా వస్తుంది, అవి మందమవుతాయి, ఆ తరువాత సున్నపురాయిని పోలి, మెగ్నీషియం కూడా ఉండే బూడిదరంగు డోలమైట్ మొదలవుతుంది. ఈ మార్పు ఒక్కసారిగా జరగలేదు. ఇసుక పొర, షేల్ పొర, మళ్ళీ ఇసుక పొర, మళ్ళీ షేల్ అంటూ కొన్ని మీటర్ల మేర పెనుగులాడిన తరువాత ఇసుక తగ్గిపోతుంది. అతుకు క్రమంగా ఉందని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇసుకను తెచ్చే నదుల నోళ్ళు వెనక్కు జరిగి, ఆ చోటికి నీరు మెల్లగా ముందుకు వచ్చిందని చెప్పడానికి ఈ ఒక్క మాటే ఆధారం.

వేంపల్లె శిలలు నా నివేదికలో సగానికి పైగా ఆక్రమించాయి, అవి అందుకు తగినవే. మొదటి ప్రశ్న: ఇది సున్నపురాయా, డోలమైటా? రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి. ఆమ్లం చుక్క పడగానే సున్నపురాయి బుసబుసమని పొంగుతుంది. డోలమైట్ మీద అదే చుక్క కదలకుండా నిలబడుతుంది. అప్పుడు సుత్తి మొనతో రాతిని గీకి, వచ్చిన పొడి మీద మరో చుక్క వేసి, భూతద్దం పెట్టి చూస్తే, సన్నని బుడగలు ఒకటీ అరా నెమ్మదిగా పైకి వస్తాయి. ఒక చీనీ తోట గట్టు మీద ఈ పరీక్ష చేస్తున్నప్పుడు తోట యజమాని, పెద్దాయన, దగ్గరికి వచ్చి, "ఏమ్మా, రాళ్ళ మీద ఏం పోస్తాండావు?" అని అడిగారు. చెప్పాను. ఆయన కాసేపు బుడగలను చూసి, "ఇది సున్నం బట్టీకి పనికిరాదులేమ్మా, మా నాయన కాలంలోనే చూసినారు. ఆ పైన ఏనుగు తోలు మాదిరి ఉండే బండంతా ఇదే" అన్నారు. ఎండకూ వానకూ అరిగిన డోలమైట్ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు పడి గరుకుగా కనబడడాన్ని మా శాస్త్రంలోనూ ఏనుగు తోలు అనే అంటారు. దూరం నుంచే డోలమైట్‌ను గుర్తుపట్టడానికి అది మంచి ఆనవాలు.

ఆ పెద్దాయన చూపించిన బండ మీదనే నేను స్ట్రోమటోలైట్లను మొదటిసారి పుస్తకంలో కాకుండా నేల మీద చూశాను. బండ పైభాగం అరిగి చదునైన చోట, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు, ఒకదానిలో ఒకటి ఒదిగిన వలయాలు పక్కపక్కనే పరుచుకుని ఉన్నాయి. పక్క కోతలో చూస్తే అవి పైకి ఉబ్బిన గోపురాలు. ఒక్కో గోపురంలో మిల్లీమీటరు కన్నా సన్నని పొరలు, ఒకటి ముదురు, ఒకటి లేత. ఇవి జంతువుల అవశేషాలు కావు. నీటి అడుగున జిగురు చాపలా పెరిగిన సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు తమ మీద పడిన సన్నని సున్నపు బురదను పట్టి ఉంచి, వెలుతురు కోసం ఆ బురదను దాటి మళ్ళీ పైకి పెరిగి, మళ్ళీ బురదను పట్టి, అలా పొర మీద పొర కట్టుకుంటూ పోయిన నిర్మాణాలు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో, సాధారణ సముద్రం కన్నా ఉప్పదనం చాలా ఎక్కువైన నీటిలో, ఇలాంటివి ఇప్పటికీ పెరుగుతున్నాయి. నత్తల వంటి మేసే జీవులకు ఆ ఉప్పదనం పడకపోవడం అక్కడ అవి బతకడానికి ఒక ముఖ్య కారణమని చెబుతారు. వేంపల్లె నాటికి మేసే జంతువులు ఇంకా పుట్టనే లేదు.

స్ట్రోమటోలైట్ ఒక పర్యావరణ సాక్షిగా ఎంత విలువైనదో అక్కడే అర్థమైంది. అది వెలుతురు మీద బతికే జీవుల నిర్మాణం కాబట్టి నీరు లోతు తక్కువ. పొరలు చెదరకుండా ఉన్నాయి కాబట్టి ఆ చోట అలల తాకిడి మితం. ఇసుక దాదాపు లేదు కాబట్టి దగ్గరలో బురదనూ ఇసుకనూ కుమ్మరించే పెద్ద నది లేదు. గోపురం ఉబ్బు ఎటు ఉందో అది పై దిక్కు కాబట్టి, పొరలు తలకిందులు కాలేదన్న భరోసా కూడా అదే ఇస్తుంది. సుత్తి తీయబోయిన నన్ను సార్ ఆపి, ఫొటో తీసుకో, పక్కన స్కేలు పెట్టు, కొట్టొద్దమ్మా అన్నారు. నమూనా కావాలంటే రాలిన ముక్కలు కింద చాలా ఉంటాయి. ఆ మాట ఇప్పుడు నా విద్యార్థులకు నేను మరింత గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కంకర కోసం, తోటల చదును కోసం ఇలాంటి బండలు పగిలిపోతూనే ఉన్నాయి; పగిలినవి మళ్ళీ పెరగవు.

స్ట్రోమటోలైట్ల మధ్యనున్న ఊదారంగు షేల్ పొరల మీద నెర్రెలు ఉన్నాయి. వేసవిలో చెరువు అడుగున పడే నెర్రెలవే, అయిదారు మూలల పలకలుగా. నెర్రె లోపల పైపొర నుంచి జారిన ఇసుక నిండి గట్టిపడడం వల్ల అవి గట్లలా నిలిచాయి. బురద ఎండాలంటే అది నీటి నుంచి బయటపడాలి. కాబట్టి ఆ చోటు అప్పుడప్పుడు నీటిలో, అప్పుడప్పుడు ఎండలో ఉంది. మరికొన్ని పలకల మీద చిన్న చిన్న ఘనాకారపు ముద్రలు, కొన్నింటి ముఖాలు నడుమ గుంటపడినట్టు ఉన్నాయి. అవి ఉప్పు స్ఫటికాల జాడలు. ఉప్పు కరిగిపోయింది, దాని ఆకారంలోకి బురద చేరి మిగిలింది. సముద్రపు నీరు దాదాపు పదోవంతుకు ఇంకితే తప్ప సాధారణ ఉప్పు స్ఫటికం కట్టదు. అంటే నీరు రాక తగ్గి, ఎండ తీవ్రమై, ఆవిరి ఎక్కువైన మడుగులు అక్కడ ఉండేవి. నెర్రె ఒక్కటే అయితే తేమ ప్రాంతంలోనూ పడవచ్చు. నెర్రె, ఉప్పు ముద్ర, డోలమైట్, స్ట్రోమటోలైట్ ఒకే కొండ వాలులో మళ్ళీ మళ్ళీ ఒకదాని మీద ఒకటి వస్తుంటే, వేడిగా, పొడిగా ఉన్న తీరపు చదును అన్న వివరణ తప్ప మిగతావి ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి.

నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసినది మందం. వేంపల్లె శిలలు మొత్తం వెయ్యి మీటర్లకు పైగా మందం ఉంటాయి. అడుగు నుంచి పై వరకు అవి మోకాలి లోతు, నడుము లోతు నీటి గుర్తులనే చూపుతాయి. కిలోమీటరు మందమైన రాయి ఏర్పడాలంటే కిలోమీటరు లోతు సముద్రం ఉండి ఉండాలని ఎవరైనా అనుకుంటారు. లోతులో వెలుతురు లేదు, స్ట్రోమటోలైట్ పెరగదు, బురద ఎండదు. కాబట్టి నీటి లోతు పెరగలేదు, నేలే కిందికి దిగింది. నేల ఎంత దిగితే అంత బురద పైన చేరుతూ, కొన్ని కోట్ల ఏళ్ళ పాటు ఆ రెండూ సమానంగా సాగాయి. బేసిన్ అనే మాటకు నాకు అర్థం తెలిసినది అప్పుడే. అది నీళ్ళు నిండిన గుంట కాదు, నిండుతూ ఉండగానే కుంగుతూ పోయిన నేల.

షేల్ ఎరుపు, ఊదా రంగుల గురించి కూడా రాయవలసి వచ్చింది. ఆ రంగు ఇనుపు ఆక్సైడ్‌ది. గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగినంతగా చేరినది సుమారు 240 నుంచి 230 కోట్ల ఏళ్ళ క్రితం కాబట్టి, ఆ తరువాతి కాలపు నేలలు తుప్పు రంగు పట్టడం సహజం. అయితే రంగు చాలా తరువాత భూజలం వల్ల కూడా రావచ్చు కనుక, నేను దానిని ప్రధాన ఆధారంగా వాడలేదు. అదే వేంపల్లె డోలమైట్‌లో తుమ్మలపల్లె దగ్గర యురేనియం పొర ఉంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం కరిగి ప్రయాణిస్తుంది, ఆక్సిజన్ లేని చోటికి చేరగానే దిగిపోతుంది. ఆ నాటి గాలి గురించి ఊదా షేల్ బలహీనంగా చెప్పిన మాటనే ఆ గని మరో దారిలో చెబుతున్నట్టు నాకు తోచింది.

వేంపల్లె శిలల పైభాగంలోనూ, పులివెందుల చుట్టుపక్కలా నల్లని రాళ్ళు అడ్డుపడతాయి. ఇవి నీటిలో పేరుకున్నవి కావు, కరిగిన శిలాద్రవం చల్లారినవి. ఇక్కడ తేల్చవలసిన ప్రశ్న ఒకటే: ఇది ఆ నాటి నేల మీద పారిన లావానా, లేక ఎప్పుడో తరువాత పొరల మధ్యకు చొరబడినదా? లావా అయితే దాని పైభాగంలో వాయువు బుడగలు విడిచిన రంధ్రాలుంటాయి, దాని మీది పొరకు కాలిన గుర్తులుండవు, ఎందుకంటే ఆ పొర అది చల్లారిన తరువాత వచ్చింది. చొరబడినది అయితే కింది పొరా పైపొరా రెండూ కాలి రంగు మారి ఉంటాయి. ఈ రెండు రకాలూ అక్కడ ఉన్నాయి. ఇలా పొరల మధ్య చొరబడి గట్టిపడిన రాతి పలకను సిల్ అంటారు. సిల్ వేడికి డోలమైట్ మారిపోయిన చోట పులివెందుల ప్రాంతంలో రాతినార ఏర్పడింది. వేముల వైపు ముగ్గురాయి గనులు కూడా ఉన్నాయి. సిల్ ఆ నాటి పర్యావరణం గురించి ఏమీ చెప్పదు, కాని అంతకన్నా విలువైన గడియారాన్ని ఇస్తుంది. పులివెందుల దగ్గరి సిల్ వయసు 188 కోట్ల ఏళ్ళకు కొంచెం పైన అని రేడియోధార్మిక పద్ధతిలో నిర్ణయించారు. అది చొచ్చుకుపోయినది తాడిపత్రి షేల్‌లోకి కాబట్టి ఆ షేల్ అంతకన్నా పాతది, దాని కింద ఉన్న వేంపల్లె మరింత పాతది.

వేంపల్లెకూ తాడిపత్రికీ మధ్య పులివెందుల క్వార్ట్జైట్ పలుచగా ఉంటుంది. దాని అడుగున మళ్ళీ గులకలు, ఈసారి వాటిలో చెకుముకిరాయి ముక్కలు ఎక్కువ. అవి వేంపల్లె డోలమైట్‌లోని చెకుముకి పట్టీల నుంచి వచ్చినవే. వేంపల్లె పొరలు గట్టిపడి, నీటి నుంచి బయటపడి, కోతకు గురైన తరువాతే ఇది సాధ్యం. కాబట్టి ఇక్కడ అతుకు తెగింది, సముద్రం వెనక్కు పోయింది అని రాశాను. దాని మీద తాడిపత్రి షేల్‌తో నీరు మళ్ళీ వచ్చింది. సన్నని బురద, మధ్యమధ్య అగ్నిపర్వతపు బూడిద పొరలు, అక్కడక్కడ స్ట్రోమటోలైట్లున్న డోలమైట్. ఈ భాగాన్ని నేను త్వరగానే దాటాను. షేల్ మెత్తనిది కావడం వల్ల నేలలో కలిసిపోయి, పైన సాగుభూమి తప్ప రాయి కనిపించే చోట్లు తక్కువ.

గండికోటకు జనం పెన్నా లోయను చూడడానికి వెళతారు. ఆ లోయ గోడల్లోని ఎర్రని క్వార్ట్జైట్ పలకల మీద కూడా కాసేపు వంగి చూడాలని నా విన్నపం. కోట లోపలి నుంచి అంచు వైపు నడిచే దారిలోనే అలల గుర్తులున్న పలకలు కనిపిస్తాయి. గట్టు రెండు వైపులా సమానంగా వాలి ఉంటే అది ముందుకూ వెనక్కూ ఊగిన అలల పని, ఒక వైపు నిటారుగా ఒక వైపు ఏటవాలుగా ఉంటే ఒకే దిక్కుకు పారిన ప్రవాహపు పని. సాయంత్రపు ఏటవాలు ఎండలో ఆ గుర్తులు స్పష్టంగా తేలుతాయి, మధ్యాహ్నం అయితే దాదాపు కనిపించవు. కొలతలన్నీ నేను ఉదయం, సాయంత్రాలలోనే తీసుకున్నాను. పలక పక్క కోతలో లోపలి సన్న పొరలు ఒక వరుసలో కుడికి, దాని మీది వరుసలో ఎడమకు వాలి కనిపించిన చోట చాలాసేపు ఉండిపోయాను. నది రోజుకు రెండుసార్లు దిక్కు మార్చుకోదు, ఆటుపోటులు మార్చుకుంటాయి.

ఎర్రగుంట్ల, జమ్మలమడుగుల వైపు దిగితే దృశ్యం మారుతుంది. వాలి ఉన్న పాత పొరల మీద దాదాపు అడ్డంగా పరుచుకున్న నార్జి సున్నపురాయి, అంటే ఇళ్ళల్లో పరిచే కడప బండ. ఇది కర్నూలు శిలాసమూహానికి చెందినది, చాలా తరువాతిది. కింద పొరలు వాలి, పైన పొరలు అడ్డంగా ఉన్నాయంటే, మధ్యలో నేల కదిలింది, అరిగింది, మళ్ళీ మునిగింది. నాపరాయి గనిలో పనిచేస్తున్న ఒకాయన ఉలి పెట్టి దెబ్బ వేస్తే గది వెడల్పు పలక ఒక్క ముక్కగా లేచింది. "పొర పట్టుకుంటే చాలు మేడం, అదే వస్తాది" అన్నారాయన. అంత సన్నగా, అంత సమంగా, అంత దూరం పొర సాగాలంటే అలలు అడుగును కలచని నిశ్చలత ఉండాలి. అక్కడ నెర్రెలు లేవు, ఉప్పు ముద్రలు లేవు. ఆమ్లం చుక్క పడగానే పొంగింది. ఇదే సున్నపురాయిలో మరికొంత వాయవ్యాన నీరు కరిగించి తొలిచినవే బెలుం గుహలు.

ఇంటికి వచ్చి నిలువు పటం గీయడం మొదలుపెట్టాక, ఎండలో రాసుకున్న చిన్న చిన్న మాటలకు విలువ తెలిసింది. జొహాన్నెస్ వాల్తర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1894లో చెప్పిన నియమం ఒకటుంది. మధ్యలో తెగకుండా ఒకదాని మీద ఒకటి వచ్చిన పొరలు, అవి పుట్టిన కాలంలో పక్కపక్కన ఉన్న పరిసరాలే. గుల్చేరు ఇసుక మీద వేంపల్లె షేల్, డోలమైట్ క్రమంగా వచ్చాయి కాబట్టి, ఒకే రోజున ఒడ్డున ఇసుక నది, దాని ముందు బురద చదును, ఆపైన స్ట్రోమటోలైట్ల మడుగు పక్కపక్కన ఉండేవని చెప్పవచ్చు. పులివెందుల అడుగున మాత్రం ఈ నియమం వాడకూడదు, అక్కడ అతుకు తెగింది. అందుకే సార్ ప్రతి పొర దగ్గరా అతుకు ఎలా ఉందో రాయమన్నారు.

మౌఖిక పరీక్షలో బయటి నుంచి వచ్చిన పరీక్షకులు పటాన్ని చాలాసేపు చూసి, "ఇది సముద్రం అని రాశావమ్మా. ఉప్పు ముద్రలూ నెర్రెలూ ఎడారిలోని ఉప్పు సరస్సులోనూ ఉంటాయి గదా, శిలాజాలు లేకుండా సముద్రమని ఎట్లా అంటావు?" అని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. శంఖాలూ గవ్వలూ ఉంటే క్షణంలో తేలే విషయం, జంతువులు పుట్టని కాలపు రాళ్ళలో తేలదు. నా దగ్గరున్న ఆధారాలు చెప్పాను. ఒకే రకమైన డోలమైట్ బేసిన్ అంచు వెంట పదుల కిలోమీటర్లు తెగకుండా సాగుతుంది. అంత మందం మేర సున్నపు పదార్థం సరఫరా ఆగలేదు. గండికోట దగ్గర ఆటుపోటుల గుర్తులున్నాయి. ఆయన వెంటనే, గండికోట రాళ్ళు వేంపల్లె కన్నా చాలా పైన ఉన్నవి, వాటి సాక్ష్యం వేంపల్లెకు చెల్లదు అన్నారు. అది నిజమే కనుక ఒప్పుకుని, వేంపల్లెకు మొదటి రెండు ఆధారాలే నిలుస్తాయని, ఉప్పు ముద్రలు అన్ని పొరల్లోనూ కాక కొన్నింటిలోనే ఉండడం వల్ల నీటికి బయటి సముద్రంతో దారి ఎక్కువ కాలం తెరిచి ఉండి, అప్పుడప్పుడు మూసుకుపోయిందని భావిస్తున్నానని చెప్పాను. నివేదిక తుది ప్రతిలో వేంపల్లె భాగానికి 'సముద్రం' అన్న ఒక్క మాట తీసేసి, 'బయటి సముద్రంతో సంబంధం తరచూ తెగిన, వేడిగా ఉన్న, లోతులేని తీరపు నీరు' అని రాసి, ఆ సంబంధానికి ఏ పొర ఏ ఆధారం ఇస్తుందో పక్కనే పటంలో గుర్తులు పెట్టి సమర్పించాను.